పది రోజులు కట్టి ఒక్క సాయంత్రం కాల్చేస్తారు: ఫారా ఊరి ఫార్కియాలు భోగి మంటలేనా?

మయెల్లా_మాధవి

ఇటలీలో అబ్రూజో ప్రాంతంలోని కియేతిలో చదువుకుంటున్నాను. జనవరి 16 సాయంత్రం ఇక్కడికి దగ్గరలోనే, మయెల్లా పర్వతం పాదాల దగ్గర ఉన్న ఫారా ఫిలియోరుం పేత్రి అనే ఊరికి వెళ్ళాను. రెండు వేల జనాభా కూడా లేని ఊరు. మర్నాడు పునీత అంతోని పండుగ. ఊళ్ళో ప్రతి పేటా ఒక ఫార్కియా కట్టి చర్చి ముందుకు తెస్తుంది. ఫార్కియా అంటే ఎండు రెల్లు కాడలను బిగించి కట్టిన పెద్ద కంబం. ఎనిమిది తొమ్మిది మీటర్ల పొడవు ఉంటుంది. చేతులు రెండూ చాచి కౌగిలించుకున్నా అందనంత లావు. పదిహేను పదహారు కంబాలు వరుసగా నిలబడి, పై కొసల నుంచి కిందికి మండుతుంటే నాకు నోట మాట రాలేదు.

వీడియో తీసి మా ఇంటివాళ్ళ గ్రూపులో పెట్టాను. పెదనాన్న వెంటనే "ఇది మన భోగి మంటే, మన దగ్గరి నుంచి పట్టుకుపోయారు" అని రాశారు. అందరూ అవునవునన్నారు. వీడియో చివరిదాకా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. నాకు నిజంగా బాధ కలిగింది. ఎందుకంటే అంతకు వారం ముందు నా సహాధ్యాయి నన్ను వాళ్ళ పేటకు తీసుకెళ్ళింది. ఆ కంబం కట్టడం కళ్ళారా చూశాను. ఆ మనుషుల చేతులు చూశాను.

ఇది భోగిలాంటిదేనా, కాదా? కాకపోతే ఆ తేడా మా పెదనాన్నకు ఎలా చెప్పాలి?

నిప్పురవ్వ

మంట ఎక్కడైనా మంటే. చలికాలం, పంటలు ఇంటికి చేరే రోజులు, పొద్దు మళ్ళే సమయం. చాలా దేశాల్లో ఈ రోజుల్లో నెగళ్ళు వేస్తారు. దీనికి బాధపడటం దేనికి?

లక్ష్మీకాంతం_65

మాధవీ, పెదనాన్నగారి మీద కోపం పెట్టుకోకమ్మా. ఆయనకు అది తన వాకిట్లో మంటలా కనిపించింది, దగ్గరగా అనిపించింది. అందులో తప్పు లేదు. "పట్టుకుపోయారు" అన్న మాట మాత్రం సరికాదు.

నాకు కనబడే తేడా చెబుతాను. భోగినాడు పాతవి కాలుస్తాం. విరిగిన కుర్చీ, పుచ్చిన తలుపు చెక్క, చిరిగిన చాప. అక్కరలేనిది అగ్నికి ఇచ్చేస్తాం. వాళ్ళేమో పది రోజులు కష్టపడి కొత్తగా కట్టినదాన్ని, ఊళ్ళో అందరికంటే బాగా కట్టామని మురిసిపోయినదాన్ని ఇస్తున్నారు. రెండూ మంటలే కావచ్చు, ఇచ్చే వస్తువు వేరు.

గడ్డివామి

లక్ష్మీకాంతం గారి మాట సగమే ఒప్పుకుంటాను. భోగిలో పాతవే కాలుస్తామనడం పట్నం భోగి గురించి చెప్పే మాట. మా ఊళ్ళో పిల్లలం నెల్లాళ్ళ ముందు నుంచీ పేడ ఏరి, చిన్న చిన్న పిడకలు చేసి, నడుమ వేలితో చిల్లు పెట్టి, ఎండబెట్టి, దండ గుచ్చేవాళ్ళం. ఎవరి దండ పొడవైతే వాళ్ళే మొనగాళ్ళు. గొబ్బెమ్మలను కూడా పిడకలు చేసి దాచేవాళ్ళు. అదంతా కొత్తగా చేసినదే కదా. నిప్పులో వేసేటప్పుడు నా దండ నా చేతిలోంచి జారిపోతుంటే ఏడుపు వచ్చేది.

మాధవిగారూ, అసలు ఆ కంబం ఎలా కడతారో చెప్పండి. రెల్లు అంటే మన కాలువ గట్ల మీది కిక్కిసా? తాడుతో కడతారా?

మయెల్లా_మాధవి

కిక్కిసలాగే బోలుగా ఉంటుంది కానీ ఇంకా లావు. చూపుకు సన్న వెదురులా ఉంటుంది, కణుపులు ఉంటాయి. పొలాల గట్ల మీద, వాగుల పక్కన పెరుగుతుంది. తాడు అసలు వాడరు. ఎర్ర విల్లో చెట్టు సన్నని కొమ్మలతోనే కడతారు. అదే నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి.

మేం వెళ్ళింది ఒక రైతు ట్రాక్టరు పెట్టుకునే షెడ్డుకు. దిమ్మెల మీద అడ్డంగా పరిచిన రెల్లు, సగం కట్టి ఉంది. ఒకాయన మోకాలితో కట్టను నొక్కిపట్టాడు. ఇంకొకాయన పచ్చి కొమ్మను చుట్టూ తిప్పి, రెండు కొసలూ కలిపి మెలిపెట్టి, ఆ మెలికను కట్టు కిందికి దోపాడు. కొమ్మ తొక్క చిట్లి లోపలి తడి కనిపించింది. వాసన పచ్చి మామిడి పుల్ల విరిచినట్టు ఉంది. కట్టు కట్టుకూ మధ్య దూరం ఒకేలా ఉండాలి. ఒకచోట రెండు వేళ్ళ తేడా వచ్చిందని, డెబ్బై ఏళ్ళు దాటిన ఒక పెద్దాయన కట్టినదాన్ని విప్పించి మళ్ళీ కట్టించాడు. పక్కన పొయ్యి మీద సాసేజీలు వేగుతున్నా ఎవరూ లేవలేదు.

"ఎలాగూ కాల్చేదే కదా, రెండు వేళ్ళ తేడాకు ఏమవుతుంది?" అని నా సహాధ్యాయిని అడిగాను. "నిలబెట్టేటప్పుడు నడుము వంగితే ఊరంతా చూస్తుంది" అంది.

గడ్డివామి

ఆ పెద్దాయనకు నా దండం. వామి వేసేటప్పుడు మా తాతా ఇంతే. గడ్డి వెంటి సరిగా పేనలేదని మొత్తం విప్పించేవాడు.

గుణదల_జోజి

ఒక ముఖ్యమైన సంగతి ఇక్కడ సరిచేయాలి. మన తెలుగు కతోలికుల ఇళ్ళల్లో అంతోనివారు అనగానే అందరికీ గుర్తొచ్చేది పాదువాపురి అంతోనివారు. చేతుల్లో బాలయేసు, లిల్లీ పువ్వు, పోయిన వస్తువులు దొరికేలా చేసే పునీతుడు, జూన్ 13 పండుగ. మాధవిగారు చెప్పేది ఆయన గురించి కాదు. ఈయన ఐగుప్తు (ఈజిప్టు) ఎడారిలో తపస్సు చేసిన మఠాధిపతి అంతోని. క్రీ.శ. 356లో కన్నుమూశారు. పండుగ జనవరి 17. ఆయన జీవితాన్ని రాసినవారు అలెగ్జాండ్రియా పీఠాధిపతి పునీత అతనాసియుస్. ఇద్దరికీ మధ్య సుమారు తొమ్మిది వందల ఏళ్ళు.

ఈయన బొమ్మలో చేతికర్ర, దానికి చిన్న గంట, కాళ్ళ దగ్గర పంది, పక్కన మంట ఉంటాయి. ఇటలీ పల్లెల్లో ఆయన పశువుల రక్షకుడు. జనవరి 17న ఆవులనూ గుర్రాలనూ కుక్కలనూ చర్చి ముందుకు తెచ్చి ఆశీర్వాదం ఇప్పిస్తారు. మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలోని వాళ్ళకు, ఒకసారి ఈ మాట చెబితే చాలామంది ఆశ్చర్యపోయారు. ఇద్దరు అంతోనులు ఉన్నారని వాళ్ళకు తెలియదు.

నిప్పురవ్వ

పశువులకు ఆశీర్వాదం అంటే మన కనుమ కూడా వచ్చేసినట్టే. జనవరిలో మూడు రోజుల తేడాతో భోగి, కనుమ రెండూ అక్కడ ఉన్నాయి. మాధవిగారి పెదనాన్నగారు అంత తప్పేమీ అనలేదు!

లక్ష్మీకాంతం_65

పాల పొంగు, ముగ్గులు ఎక్కడ నాయనా?

మందుల_చీటి

పంది, మంట ఎందుకు వచ్చాయో చెబుతాను, ఇది నా వృత్తికి దగ్గరి విషయం. మన దగ్గర సర్పి అనే జబ్బును, అంటే నడుము చుట్టూ మంటతో పొక్కులు లేచే జబ్బును, ఇటలీలో ఈనాటికీ "సాంత్ అంతోనియో నిప్పు" అంటారు. మధ్యయుగంలో అదే పేరుతో ఇంకా ఘోరమైన జబ్బు ఒకటి ఉండేది. రై ధాన్యం కంకులకు ఒక బూజు పడుతుంది. ఆ పిండితో చేసిన రొట్టె తింటే కాళ్ళూ చేతులూ కాలిపోతున్నట్టు మండేవి, నల్లబడి ఊడిపోయేవి. ఆ రోగులను చూసుకోవడానికి 1095 ప్రాంతంలో ఫ్రాన్సులో అంతోనివారి పేరుతో ఒక సోదర సంఘం పుట్టింది. వాళ్ళు పుళ్ళకు పంది కొవ్వు రాసేవారు. ఆ ఖర్చుల కోసం పందులను పెంచేవారు. మెడలో గంట ఉన్న పంది వీధిలో తిరిగితే అది మఠానిదని తెలిసి జనం తిండి పెట్టేవారు.

ఆ పునీతుడు ఎడారిలో పందులను కాచినవాడేమీ కాదు. రోగుల పక్కన కూర్చున్నవాళ్ళ వల్ల ఆయన పక్కకు పంది చేరింది. ఒళ్ళంతా నిప్పు పెట్టినట్టు బాధపడే మనిషి ఆ మంటను చల్లార్చమని మొక్కుకున్నాడు. ఫారాలో వేసే మంటను ఇది తెలిసి చూస్తే వేరుగా కనిపిస్తుంది.

మయెల్లా_మాధవి

ఇది నాకు తెలియదు. చర్చి గోడ మీది బొమ్మలో పందిని చూసి ఏదో పల్లె ముచ్చట అనుకున్నాను. చాలా కృతజ్ఞతలండీ.

తుంగభద్ర

మీరంతా చర్చి వైపు కథలే చెబుతున్నారు. అసలు సంగతి, క్రైస్తవం రాకముందే ఆ కొండల్లో చలికాలపు మంటలు ఉండేవి. తర్వాత దాని మీద ఒక పునీతుడి పేరు అంటించారు. పైపూత తీసేస్తే కింద ఉన్నది పాత రైతు పండుగే.

గుణదల_జోజి

తుంగభద్రగారూ, "పైపూత" అన్న మాట నాకు నొప్పి కలిగించింది, దాచుకోను. మయెల్లా కొండల్లో క్రైస్తవానికి ముందు మంటలు వేసి ఉండవచ్చు. చలి వేసిన ప్రతిచోటా వేశారు. కానీ ఇప్పుడు ఆ రెల్లు కడుతున్న మనిషి ఎవరి పేరు పలుకుతూ కడుతున్నాడు? ఎవరి పాట పాడుతున్నాడు? వెయ్యేళ్ళుగా తరతరాలు ఒక పునీతుణ్ణి నమ్మి చేసినదాన్ని పూత అని గీకేస్తే, వాళ్ళ నోటి మాటకు విలువ లేదన్నట్టే.

తిరుసభకు, అంటే కతోలిక చర్చికి, నిప్పు పరాయిదనుకోవడం కూడా పొరపాటు. పాస్కా జాగరణ రాత్రి, అంటే ఈస్టరు ముందు రాత్రి, గుణదలలోనైనా ఫిరంగిపురంలోనైనా దేవాలయం బయట కొత్త అగ్ని రగిల్చి ఆశీర్వదిస్తారు. ఆ నిప్పుతోనే పాస్కా వత్తి అనే పెద్ద కొవ్వొత్తిని వెలిగించి చీకటి గుడిలోకి తీసుకెళ్తారు. చిన్నప్పుడు నాన్న భుజం మీద కూర్చుని ఆ మంట చూసేవాణ్ణి. అది ఎవరి దగ్గరి నుంచీ అరువు తెచ్చుకున్న మంట అని నాకు ఎన్నడూ అనిపించలేదు.

తుంగభద్ర

మీ మనసు నొప్పించడం నా ఉద్దేశం కాదు జోజిగారూ. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ పాత పొర ఒకటి ఉందనే నా అభిప్రాయం. సార్దీనియా ద్వీపంలో ఇదే జనవరి 16 రాత్రి ఊరూరా మంటలు వేస్తారు. అక్కడి కథ ఇలా ఉంటుంది. లోకంలో నిప్పు లేక జనం చలికి వణుకుతుంటే అంతోని తన పందితో నరకం వాకిలికి వెళ్ళాడట. పంది లోపలికి దూరి గోల గోల చేసిందట. దాన్ని పట్టుకోవడానికి వెళ్ళినట్టు వెళ్ళి, తన ఫెరులా కర్రను నిప్పులో ముంచి తెచ్చాడట. ఫెరులా ఒక మొక్క కాడ. లోపల దూదిలాంటి బెండు ఉంటుంది. నిప్పు అంటుకుంటే పైకి కనబడకుండా లోపలే రాజుకుంటుంది. దేవతల నిప్పును దొంగిలించి మనుషులకు ఇచ్చిన గ్రీకుల ప్రొమీథియస్ కథలోనూ నిప్పు తెచ్చేది ఈ కాడలోనే. ఇంత దగ్గరి పోలిక ఊరికే రాదు కదా.

గుణదల_జోజి

ఈ కథ బాగుంది. ఇలా చెబితే నాకు అభ్యంతరం లేదు. పాత కథ వచ్చి పునీతుడి దగ్గర ఆశ్రయం తీసుకుంది అనండి, ఒప్పుకుంటాను.

చరిత్ర_దారి

ఫారా వాళ్ళు తమ మంట గురించి చెప్పుకునే కథ ఇంకొకటి ఉంది. మాధవిగారు అది రాయలేదు. 1799లో ఫ్రెంచి సేనలు నేపుల్స్ రాజ్యం మీదికి వచ్చిన కాలం. ఫారా పక్కన ఓక్ చెట్ల అడవి ఉండేది. సైన్యం ఆ అడవి దాకా వచ్చేసరికి పునీత అంతోని సేనాధిపతి వేషంలో ఎదురొచ్చి ఆగమన్నాడట. వాళ్ళు వినలేదు. అప్పుడు ఆ చెట్లన్నీ ఒక్కసారిగా పెద్ద పెద్ద మంటలై లేచాయట. సైన్యం బెదిరి వెనక్కి మళ్ళింది. ఈ ఫార్కియాలు ఆ మండిన చెట్లకు గుర్తు. అందుకే కుప్పగా పోయరు, చెట్టు మాను నిలబడినట్టు నిలబెడతారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పక్క పట్టణమైన గ్వార్దియాగ్రేలెను ఫ్రెంచి సేనలు కొల్లగొట్టి జనాన్ని చంపింది 1799 ఫిబ్రవరి చివర్లో. పండుగేమో జనవరి 16. తేదీలు కలవవు. నాకు తోచేది ఏమిటంటే, అంతోనివారి మంట ముందు నుంచీ ఉంది, ఆ ఏటి భయం తర్వాత వచ్చి అందులో చేరింది. పక్క ఊరు రక్తంలో తడిసింది, తమ ఊరు మిగిలింది. ఎందుకు మిగిలింది అనే ప్రశ్నకు తమ దగ్గరున్న పునీతుణ్ణే జవాబుగా చెప్పుకున్నారు. తేదీ తప్పని నేను ఆ కథను తీసిపారేయను. ఆ రాత్రి పిల్లల్ని పక్కలో పెట్టుకుని మేలుకున్న తల్లుల నుంచి పుట్టిన కథ అది.

ఇంకొక మాట. ఫారా అంటే, ఒకప్పుడు ఇటలీని ఏలిన లాంబార్డు జాతివాళ్ళ భాషలో కుటుంబాల గుంపు, వంశం. ఫిలియోరుం పేత్రి అంటే లాటిన్‌లో పేతురు కుమారులది. ఊరి పేరులోనే చుట్టరికం ఉంది.

లక్ష్మీకాంతం_65

చెట్టు మానులా నిలబెడతారన్న మాట చదివాక వీడియో మళ్ళీ చూశాను. నిజమే, అడవి తగలబడినట్టే ఉంది.

మేరీ_కన్నమ్మ

మా అక్క కన్యస్త్రీ. మొలీజే ప్రాంతంలో కొండ మీద ఒక వృద్ధాశ్రమంలో సేవ చేస్తోంది. ఆమె వల్ల నేను ఇంకో ఊరి మంటలు చూశాను. అన్యోనె అనే ఊరు, సముద్ర మట్టానికి ఎనిమిది వందల మీటర్ల పైన. చర్చి గంటలు పోతపోసే పాత కొలిమి ఉన్న ఊరు. అక్కడ జరిగేది న్దొచ్చాతా. కదలకుండా నిలబడే మంట కాదు, నడిచే మంట. అబేతె అనే కొండచెట్టు చెక్కలను చీల్చి, ఎండబెట్టి, మధ్యలో జినెస్త్రా అనే పొద ఎండు పుల్లలు పెట్టి మనిషిని మించిన దివిటీలు కడతారు. కొందరు రెండు మోస్తారు. కొందరు ఇరవై దాకా విసనకర్రలా అమర్చి భుజాల మీద ఎత్తుకుంటారు. అందరికీ నల్లని పొడుగు గొంగళ్ళు.

మొదట అది క్రిస్మస్ ముందురోజు రాత్రి పండుగ. చీకట్లో పల్లెల నుంచి జనం దారి కోసం దివిటీలు పట్టుకుని చర్చికి వచ్చేవాళ్ళట. 1996 డిసెంబరు 8న ఆ ఊరివాళ్ళు రోముకు వెళ్ళి, రెండవ జాన్ పాల్ పోపుగారు గురువుగా (ఫాదరుగా) అభిషేకం పొంది 50 ఏళ్ళు నిండిన సందర్భంగా పునీత పేతురు చౌకులో ఈ దివిటీలు వెలిగించారు. ఇప్పుడు డిసెంబరు 8న, 24న కూడా చేస్తారు. చివర దివిటీలన్నీ తెచ్చి ఒకే నెగడులో వేస్తారు. దాని పేరు "సోదరభావపు మంట".

నేను ముందు వరుసలో నిలబడ్డాను. ఒక నిప్పురవ్వ వచ్చి నా ఉన్ని శాలువాకు బొక్క పెట్టింది. పక్కనున్న ముసలమ్మ శాలువా తీసుకుని, బొక్క చూసి, నవ్వుతూ నా చేయి పట్టుకుని ఏదో చెప్పింది. అక్క అనువాదం చేసింది: "ఇప్పుడు నువ్వు మా ఊరి పిల్లవు." ఆ శాలువాకు ఇప్పటికీ మాసిక వేయలేదు.

నిప్పురవ్వ

నా పేరున్న వ్యక్తి చేసిన పనికి క్షమించండి మేరీగారూ.

సియెనా_శ్రీను

నేనుండేది ఇటలీలోనే తొస్కానా ప్రాంతంలో. మోంతె అమియాతా కొండ వాలులో అబ్బదీయా సాన్ సాల్వతోరె అని ఒక ఊరు ఉంది. అక్కడ క్రిస్మస్ ముందురోజు రాత్రి ఫియాక్కొలె అని కట్టెల గోపురాలు కాలుస్తారు. పేరుకు దివిటీ అని అర్థమైనా చూస్తే పిరమిడ్డే. ఏడు మీటర్ల దాకా లేపుతారు. పని చలికాలం మొదట్లోనే మొదలవుతుంది. ముందు ఒక వరుస, దాని మీద అడ్డంగా ఇంకో వరుస, మధ్యలో గాలి ఆడాలి, కూలిపోకూడదు.

ఆ ఊరి మఠం లాంబార్డుల కాలం నాటిది. ప్రపంచంలోనే మిగిలిన అతి పాత పూర్తి లాటిన్ బైబిలు చేతిరాత ప్రతి శతాబ్దాల పాటు ఆ మఠంలోనే ఉండేది, ఇప్పుడు ఫ్లోరెన్సులో ఉంది. ఆ కొండలోనే పాదరసం గనులు ఉండేవి, ఊరంతా వాటి మీదే బతికింది. 1970లలో గనులు మూతపడ్డాయి. యువకులు పనులు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. నాతో పనిచేసే ఒకతను ఆ ఊరివాడే. వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్ళకపోయినా డిసెంబరులో మాత్రం ప్రతి శనివారం వెళ్తాడు, కట్టెలు పేర్చడానికి. "ఎందుకింత దూరం?" అంటే "మా వీధి గోపురం నేను లేకుండా పైకి లేస్తే నాకు నిద్ర పట్టదు" అన్నాడు.

నిప్పురవ్వగారు మంట ఎక్కడైనా మంటే అన్నారు. ఈ మూడు ఊళ్ళను చూడండి. ఒకరు నిలబెడతారు, ఒకరు మోస్తారు, ఒకరు పేరుస్తారు. మండేటప్పుడు అన్నీ ఒకలాగే ఉంటాయి. తేడా అంతా దానికి ముందే ఉంది.

నిప్పురవ్వ

ఇది ఒప్పుకోవాల్సిన మాటే. నేను చివరి గంట మాత్రమే చూసి మాట్లాడాను.

పాత_అటవీ_ఉద్యోగి

అందరూ ముచ్చటపడుతున్నారు కానీ పొగ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నిప్పంటే నాకు భయమే. ఒకే సాయంత్రం అన్ని కంబాలు కాల్చడం గాలికి మంచిదా? ఏడు మీటర్ల కట్టెల గోపురానికి ఎన్ని చెట్లు?

సియెనా_శ్రీను

అమియాతా కొండ నిండా చెస్ట్‌నట్ తోటలే. కొమ్మలు కొట్టకపోతే ఆ తోటలు పాడవుతాయి. మీ పొగ మాటను మాత్రం కాదనను. ఇటలీ ఉత్తరాన పో నది మైదానంలో చలికాలంలో గాలి కదలదు. అక్కడ ఇలాంటి మంటల మీద గట్టి ఆంక్షలే ఉన్నాయి.

గడ్డివామి

రెల్లు విషయంలో మీకు అంత దిగులు అక్కరలేదండీ. కోస్తే మళ్ళీ లేచే జాతి అది, దుంప ఉంటే చాలు. కోయకపోతే కాలువ పూడుస్తుంది. విల్లో కూడా ఏటా కొమ్మలు నరికితేనే సన్నని కొత్త కొమ్మలు వేస్తుంది. కట్టడానికి అవే పనికొస్తాయి. అంటే ఈ పండుగ మానేస్తే ఆ చెట్లను చూసుకునేవాళ్ళే ఉండరు.

పాత_అటవీ_ఉద్యోగి

విల్లో గురించి మీరు చెప్పింది సరైనదే. ఏటా నరికిన మొదలు నుంచి వచ్చే కొమ్మకే ఆ సాగే గుణం ఉంటుంది. తాడు, ప్లాస్టిక్, తీగ లేకుండా పూర్తిగా కాలిపోయే కంబం కడుతున్నారంటే దానికి నా గౌరవం ఉంది. భోగి మంటల్లో టైర్లు వేసేవాళ్ళు ఈ పేజీ చదివితే బాగుండు.

తుంగభద్ర

పెద్దదంటే నోవొలి మంట చెప్పాలి. పుల్యా ప్రాంతంలో, ఇదే పునీతుడి కోసం, ఇదే రాత్రి. ద్రాక్ష తీగలు కత్తిరించగా మిగిలిన పుల్లల కట్టలు వేలకు వేలు పేర్చి 25 మీటర్ల ఎత్తు లేపుతారు. అది మైదానం ఊరు, కొండ కాదు.

మేరీ_కన్నమ్మ

మాధవిగారూ, తిండి సంగతి చెప్పలేదు. పండుగన్నాక వంటలు ఉండాలి కదా.

మయెల్లా_మాధవి

ఉన్నాయి! ఈ రోజుల్లోనే ఇక్కడ ఇంటింటా పంది మాంసం పని అవుతుంది, కాబట్టి సాసేజీలదే రాజ్యం. నేను మాంసం తినను. అందుకని షెడ్డులో ఒక పెద్దామె నా ఒళ్ళో సంచి నిండా చెల్లి ఉంచింది. చెల్లి అంటే వాళ్ళ యాసలో పిట్టలు. కజ్జికాయలాంటి చిన్న బిస్కట్లు, లోపల నల్ల ద్రాక్షతో చేసిన జాము. ఒకటి కొరికితే ముందు పొడి, తర్వాత జిగురు, చివర కాస్త పులుపు. కట్టు కట్టడం అయ్యేసరికి సంచి ఖాళీ అయింది.

ఇక 16 మధ్యాహ్నం సంగతి. కంబాలను ట్రాక్టర్ల మీద చర్చి ముందుకు తెస్తారు. పూర్వం భుజాల మీద, ఎడ్ల మీద తెచ్చేవారట. ముందు ఒకాయన చిన్న అకార్డియన్ లాంటిది వాయిస్తుంటే అందరూ అంతోనివారి పాట పాడతారు. ఎడారిలో ఆయనను సైతాను ఎలా వేధించాడో ఆ పాటలో ఉంటుంది. నిలబెట్టడం చూడాలి. పొడుగు కర్రలు, నిచ్చెనలు, మోకులు. నలభై మంది ఒకే కేకతో లాగుతారు. కంబం సగం లేచాక ఒక క్షణం ఆగింది. ఎవరూ ఊపిరి తీయలేదు. నేను చూసిన ఆ పెద్దాయన పక్కకు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, కట్లను కింది నుంచి పైకి లెక్కపెడుతున్నాడు. లేచి నిటారుగా నిలబడింది. ఆయన టోపీ తీసి చర్చి వైపు చూశాడు. అంతే.

పై కొసన టపాకాయలు దోపి ఉంటాయి. నిప్పు పెట్టగానే అవి పేలి, మంట కిందికి దిగుతుంది. దిగేటప్పుడు ఒక్కో విల్లో కట్టు తెగుతుంది. తెగిన చోట రెల్లు పువ్వులా విచ్చుకుంటుంది. ఆయన కట్టించిన కట్టు దగ్గరికి మంట రాగానే నేను చూడలేకపోయాను. ఆయన మాత్రం చూస్తూనే ఉన్నాడు.

వీడియోలో లేనిది తర్వాతి భాగం. పూర్తిగా కాలనివ్వరు. కంబాన్ని దింపి, మిగిలిన మొద్దును ఆర్పి, ఎవరి పేటకు వాళ్ళు తిరిగి తీసుకెళ్తారు. అక్కడ ఆ మొద్దు చుట్టూ కూర్చుని తింటూ తాగుతూ పాడుతూ మళ్ళీ రాజేస్తారు.

లక్ష్మీకాంతం_65

ఇంటికి తెచ్చుకుంటారా! దేవుడి ముందు వెలిగించి, మిగిలింది ప్రసాదంలా ఇంటికి. ఈ భాగం మీ పెదనాన్నగారికి చెప్పమ్మా.

చరిత్ర_దారి

మాధవిగారూ, వీలైతే ఆ పెద్దాయనను అడగండి, చిన్నప్పుడు కంబాలను భుజాల మీద తెచ్చిన రోజులు ఆయన చూశారేమో. ఇలాంటివి ఎవరైనా రాసిపెట్టాలి. ఎవరి నోట విన్నారో, ఏ పేటలోనో కూడా రాయండి.

గుణదల_జోజి

ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల మాత ఉత్సవాలు. ఈసారి అక్కడ కలిసే మిత్రులకు ఈ అంతోనివారి కథ చెబుతాను, పందితో సహా.

మయెల్లా_మాధవి

నిన్న రాత్రి పైన రాసినవన్నీ పెదనాన్నకు ఫోనులో చదివి వినిపించాను. షెడ్డులో తీసిన చిన్న వీడియో కూడా పంపాను, కట్టు కడుతున్నది. ఆయన యాభై ఏళ్ళుగా తాటాకు పాకలు కప్పిన మనిషి. ఈ చర్చలో ఆ మాట ముందే చెప్పాల్సింది, తట్టలేదు.

అరగంట తర్వాత ఆయనే ఫోను చేశారు. భోగి మాట ఎత్తలేదు. "ఆ కొమ్మను కుడివైపు మెలిపెడుతున్నాడా, ఎడమవైపా? వీడియోలో చెయ్యి అడ్డం వచ్చింది. ఎడమకు తిప్పితే ఎండాక వదులవుతుంది, అడుగు" అన్నారు.

శనివారం బస్సుకు ఫారా వెళ్తున్నాను. చరిత్ర_దారిగారి ప్రశ్న, పెదనాన్న ప్రశ్న, రెండూ కాగితం మీద రాసుకున్నాను. ఆయనేమన్నారో వచ్చి చెబుతాను.

గడ్డివామి

కుడివైపే అయి ఉంటుంది. అయినా ఆయన నోట విని చెప్పండి.